కంద మందు కాదు, మంచి తిండి

కోస్తా జిల్లాలలో కందను ఎరుగని ఇల్లు ఉండదు. గోదావరి, కృష్ణా డెల్టాలలోని ఒండ్రు నేలలందు, లంక భూములందు ఈ పంట తరతరములుగా పండుచున్నది. కంద బచ్చలి కూర లేని విందు చాలామందికి విందుగా తోచదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అను సామెత తెలియనివారు అరుదు. ఇంతగా మన బ్రతుకులో కలిసిపోయిన ఈ దుంపను గురించి రెండు విపరీతపు మాటలు పల్లెలలో వినవచ్చుచున్నవి.

మొదటి మాట: కంద, పెండలము తినినచో రక్తములోని కొలెస్టరాల్ కరిగిపోవును, మాత్రలు మానివేయవచ్చును అనునది. రెండవ మాట: దుంపలన్నియు అరగవు, వాతము చేయును, మధుమేహము గాని గుండెజబ్బు గాని ఉన్నవారు వాటిని తాకనే రాదు అనునది. ఈ రెండింటిలో దేనిని నమ్మినను నష్టపడునది మన సంసారమే. మొదటి మాట నమ్మినవాడు వైద్యము విడిచి ప్రాణము మీదికి తెచ్చుకొనును. రెండవ మాట నమ్మినవాడు తన చేనిలో పండిన మంచి ఆహారమును అంతయు లారీకెత్తి పంపి, ఇంట మూడుపూటల తెల్లని వరి అన్నముతోనే కడుపు నింపుకొనును.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పెదను. కంద, పెండలములు మందులు కావు. వాటిని మందులని చెప్పి అమ్ముట తప్పు. అయితే అన్నములో కొంత తగ్గించి, ఆ స్థానమున వీటిని ఉడికించి తినుట జీర్ణమునకు మేలు, గుండెకు కూడ కొంత మేలు. "తగ్గించి" అను మాట ఇచట ముఖ్యము. అన్నము ఎప్పటివలెనే తిని, దానిపైన కంద వేపుడు తినువారికి ఆ మేలు అందదు.

ఒకే పేరు, వేరువేరు దుంపలు

ఈ అపోహలలో చాలభాగము పేరు వలన వచ్చినది. ఇంగ్లీషున 'యామ్' అను ఒక్క మాటతో పలు దుంపలను పిలుచుదురు. మన పెండలము అసలైన యామ్ కుటుంబమునకు చెందిన తీగ. కంద ఆ కుటుంబముది కాదు. అది చేమకు దగ్గరి బంధువు. అమెరికాలో చాలామంది యామ్ అని పిలుచునది మన చిలగడదుంప. అది తూటికూరకు చుట్టము. ఈ మూడును భూమిలో ఊరునవే అయినను, కుటుంబములు వేరు, లోపలి పదార్థములు వేరు.

కావున ఒక దేశమున ఒక దుంపపై చేసిన పరిశీలనను పట్టుకొని, మనదేశమున మరియొక దుంపకు ఆ గుణమును అంటగట్టరాదు. పత్రికలోనో, సెల్‌ఫోనులో వచ్చిన సందేశములోనో 'యామ్ తింటే ఇంత మేలు' అని కనిపించినప్పుడు, అది ఏ దుంప అని మొదట అడుగవలెను. విత్తనము కొనునపుడు రకము పేరు అడుగని రైతు ఉండడు కదా. తిండి విషయములోను అదే జాగ్రత్త అవసరము.

కడుపులో జరుగునది

కంద 100 గ్రాములు తీసికొన్నచో అందులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. పిండి పదార్థము సుమారు 18 గ్రాములు, మాంసకృత్తులు ఒక గ్రాముకు కొంచెము ఎక్కువ. క్రొవ్వు లేదనియే చెప్పవచ్చును. పీచు పదార్థము సుమారు 4 గ్రాములు కలదు. జీర్ణమునకు కంద చేయు మేలు ముఖ్యముగా ఈ పీచు వలన కలుగునదే.

పీచు మన కడుపులో జీర్ణము కాదు. అది నీటిని పట్టుకొని మలమును మెత్తపరచి, సులభముగా వెలుపలికి పోవునట్లు చేయును. పాలిష్ పట్టిన బియ్యమే తినువారికి మలబద్ధకము పట్టుటకు పీచు తక్కువగుట ఒక ముఖ్యకారణము. ఆయుర్వేదమున కందకు సూరణమని పేరు. అర్శోఘ్నమనియు మరియొక పేరు కలదు. అనగా మొలలను పోగొట్టునది అని అర్థము. పూర్వులు ఊరకయే ఆ పేరు పెట్టలేదు. మలము మెత్తబడినచో ముక్కుట తగ్గును, ముక్కుట తగ్గినచో మొలల బాధ తగ్గును. కాని మలములో రక్తము పడుచున్నప్పుడు కంద తినుచు కూర్చుండరాదు. అది మొలల రక్తమే కావచ్చును, మరియొక పెద్ద జబ్బు సూచనయు కావచ్చును. అట్టివారు ఆలస్యము చేయక వైద్యునికి చూపించుకొనవలెను.

మరి దుంపలు వాతము చేయుననెడి మాట పూర్తిగా అబద్ధమా? కాదు. దుంపలోని పిండి పదార్థములో కొంత చిన్న ప్రేవులలో అరగక పెద్ద ప్రేవునకు చేరును. పీచులో కొంతభాగము కూడ అట్లే చేరును. అచట నుండు సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి తినును. ఆ పులియుటలో వాయువు పుట్టును. దీనినే మన పెద్దలు వాతమనిరి. కాని అదే పులియుటలో పెద్ద ప్రేవు గోడలకు బలమిచ్చు ఆమ్లములు కూడ పుట్టును. అలవాటు లేనివారు ఒక్కసారిగా పావుకిలో తినినచో కడుపు ఉబ్బరించుట సహజము. కొద్దికొద్దిగా మొదలుపెట్టి, బాగుగా ఉడికించి తినినచో చాలామందికి ఆ ఇబ్బంది తగ్గును.

కొలెస్టరాల్ సంగతి

కొలెస్టరాల్ అనునది క్రొవ్వు వంటి ఒక పదార్థము. ఇది మన శత్రువు కాదు. శరీరము నడుచుటకు అవసరమే. చాలభాగము మన కాలేయమే తయారు చేయును. రక్తములో అవసరమునకు మించినచో రక్తనాళముల గోడలకు పట్టుకొని, క్రమముగా దారిని ఇరుకు చేయును. గుండెపోటునకును, పక్షవాతమునకును ఇది ఒక కారణము. ఏ మొక్కలోను చెప్పుకోదగినంత కొలెస్టరాల్ ఉండదు. కావున 'కొలెస్టరాల్ లేని కంద' అని ప్రత్యేకముగా చాటుట, 'ఎముకలు లేని వంకాయ' అని చాటినట్లుండును.

దుంపలు తినుట వలన రక్తములోని కొలెస్టరాల్ తగ్గునా? కొంత తగ్గుటకు వీలు కలదు. దాని మార్గము ఇది. క్రొవ్వును అరిగించుటకు కాలేయము పైత్యరసమును స్రవింపజేయును. ఆ రసములోని ఆమ్లములను కాలేయము కొలెస్టరాల్ నుండియే తయారు చేయును. సాధారణముగా ఈ ఆమ్లములు పని ముగించుకొని ప్రేవుల నుండి మరల కాలేయమునకు చేరును. ఆహారములో జిగురుగానుండు పీచు ఉన్నప్పుడు, అది వాటిలో కొంతభాగమును పట్టుకొని మలముతో వెలుపలికి పంపివేయును. కాలేయము కొత్తవి చేసికొనుటకు రక్తము నుండి కొలెస్టరాలును తీసికొనవలసి వచ్చును. పెండలమును కోసినపుడు చేతికి అంటు జిగురులో ఇట్టి పీచు కలదు.

ఈ విషయమున మనుష్యులపై జరిగిన ఒక పరిశీలనను చెప్పుకొనవలెను. 2005లో ప్రకటింపబడిన ఈ పరిశీలన తైవాను దేశమున జరిగినది. ముట్లుడిగిన ఆరోగ్యవంతులైన స్త్రీలు 24 మంది ఇందులో చేరగా, 22 మంది చివరివరకు నిలిచిరి. రోజుకు మూడుపూటలలో రెండుపూటల, అన్నమునకు బదులు వారికి 390 గ్రాముల పెండలము పెట్టిరి. ఇది మన పెండలము జాతియే. 30 రోజుల తరువాత చూడగా వారి రక్తములోని కొలెస్టరాల్ నూటికి 5.9 వంతులు తగ్గినది.

ఈ ఫలితమును సంతోషముతో చదువవలెను; జాగ్రత్తతో కూడ చదువవలెను. మొదటిది, వారు పెండలమును అన్నముతోపాటు తినలేదు. అన్నము మాని తినిరి. రెండవది, 200 ఉన్నవారికి 6 వంతులు తగ్గినచో 188 అగును. 280 ఉన్నవారికి 263 దగ్గర నిలుచును. ఎక్కువ కొలెస్టరాల్ ఉన్నవారికి ఇంతమాత్రము చాలదు. మూడవది, 22 మందిపై నెలరోజులు చూచిన సంగతిని అందరికిని, ఎల్లకాలమునకును వర్తించు శాసనముగా తీసికొనరాదు. నాలుగవది, ఆ పరిశీలన పెండలముపై జరిగినది, కందపై కాదు.

మరియొక ప్రచారము కూడ కలదు. మెక్సికో దేశపు అడవి పెండలములలో డయోస్‌జెనిన్ అను పదార్థము ఉన్నది. 1940 దశకములో రసెల్ మార్కర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దాని నుండి ప్రొజెస్టిరాన్ అను హార్మోనును తయారుచేయు మార్గము కనిపెట్టెను. ఆ మార్గమే అనేక మందుల తయారీకి దారితీసినది. ఈ కథను చూపి, పెండలము పొడి తినినచో ఒంటిలో హార్మోనులు పుట్టునని కొందరు అమ్ముచున్నారు. ఆ మార్పు రసాయనశాలలో పలు దశలలో జరుగునదే గాని మనిషి కడుపులో జరుగదు. ఎలుకలకు డయోస్‌జెనిన్ విడిగా పెట్టినప్పుడు కొలెస్టరాల్ ఒంటికి పట్టుట తగ్గిన మాట నిజము. కాని విడదీసిన పదార్థమును ఎలుకకు పెట్టుట వేరు, ఇంట కూర వండుకొని తినుట వేరు.

అన్నముతో లెక్క

మనకు నిజముగా ఉపయోగపడు లెక్క అన్నముతో పోల్చి వేయవలసినది. కొందరు కందను పచ్చి బియ్యముతో పోల్చి, కందలో పిండి పదార్థము నాలుగవ వంతే అందురు. అది సరియైన తూకము కాదు. బియ్యమును నీరుపోసి వండిన పిమ్మటనే తినుచున్నాము. కావున వండిన అన్నముతోనే పోల్చవలెను.

వండిన అన్నము 150 గ్రాములలో పిండి పదార్థము సుమారు 42 గ్రాములుండును. పీచు ఒక గ్రాము కూడ ఉండదు. అంతే తూకము కందలో పిండి పదార్థము సుమారు 27 గ్రాములు, పీచు సుమారు 6 గ్రాములు. అనగా ఒక గిన్నెడు అన్నము తగ్గించి ఒక గిన్నెడు కంద తినినచో, పిండి పదార్థము మూడవవంతు తగ్గును. పీచు ఆరు రెట్లకు మించును. పెద్దవానికి రోజుకు 25 నుండి 30 గ్రాముల పీచు కావలసి యుండగా, అందులో అయిదవ వంతు ఈ ఒక్క గిన్నెలోనే వచ్చును. మధుమేహము ఉన్నవారికి దుంపలన్నియు నిషిద్ధమనువారు ఈ లెక్కను చూడవలెను. నిషేధింపవలసినది అన్నముపై అదనముగా తినుటను. బదులుగా, కొలతగా తినుటను కాదు.

వండు విధము

మేలైన దుంపను చెడగొట్టు స్థలము మూకుడు. కంద ముక్కలు నూనెలో వేగునపుడు నీటిని విడిచి నూనెను పీల్చుకొనును. చేనిలో నుండి వచ్చినపుడు క్రొవ్వు లేని దుంప, విస్తరిలోనికి వచ్చుసరికి నూనెముద్ద అగును. పదేపదే మరగిన నూనెలో గాని, వనస్పతిలో గాని వేపినచో ఇంకను చెరుపు. కొలెస్టరాల్ కొరకని కంద చిప్సు కొని తినుట, చలి కాచుకొనుటకని ఇంటి వాసములు విరిచి మంట వేసినట్లుండును.

ఉడికించి చేయు వంటలు మనకు కావలసినన్ని కలవు. కంద బచ్చలి, కంద పులుసు, పప్పులో కంద, ఉడకబెట్టి ఆవపెట్టిన కూర, ఆవిరిపై ఉడికించిన పెండలము, చిలగడదుంప. వీటిలో పోపునకు పట్టు నూనె రెండు చెంచాలకు మించదు.

కంద దురదకు కారణము అందులోని కాల్షియం ఆక్జలేటు. ఇవి సూదుల వంటి సన్నని స్ఫటికములు. పచ్చి కందను కోసినపుడు చేతికిని, సరిగా ఉడకని కూర తినినపుడు నాలుకకు, గొంతునకును గుచ్చుకొనును. కోయునపుడు చేతులకు నూనె రాసికొనవలెను. తొక్క మందముగా తీసి, ముక్కలను చింతపండు నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోయవలెను. మన ప్రాంతమున కంద కూరలో చింతపులుసు పోయుటలోని కిటుకు ఇదియే. దురద తక్కువగా నుండు రకములును కలవు. కొవ్వూరు ప్రాంతపు కంద నుండి ఎంపిక చేసిన గజేంద్ర అట్టిది. అది నేడు మన రాష్ట్రము దాటి దేశమున పలుచోట్ల సాగగుచున్నది.

కొండ ప్రాంతములలోని అడవి దుంపల సంగతి వేరు. వాటిలో కొన్ని విషము కలవి. ముక్కలుగా తరిగి, పారునీటిలో నానబెట్టి విషము పోగొట్టు పద్ధతి అచటి పెద్దలకు తెలియును. తెలియనివారు అడవి దుంపను త్రవ్వి తెచ్చి వండుకొనరాదు.

ఎవరు జాగ్రత్తపడవలెను

మూత్రపిండములలో రాళ్ళు వచ్చినవారు కందను మితముగా తినవలెను. ఆక్జలేటు వారికి మంచిది కాదు. మూత్రపిండములు చెడి వైద్యములో ఉన్నవారు వైద్యుని అడుగకుండ తినరాదు. కందలో పొటాషియము హెచ్చు. చెడిన మూత్రపిండములు దానిని వెలుపలికి పంపలేవు. మధుమేహమునకు మందులు వాడువారు అన్నము బాగుగా తగ్గించినచో ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను. కొలెస్టరాల్ మాత్రలు వాడువారు వాటిని తమంతట తాము మానరాదు. కూర మార్చుకొనుటకు మన ఇష్టము చాలును. మాత్ర మార్చుటకు రక్తపరీక్ష కావలెను, వైద్యుని మాట కావలెను.

పండించువాని విస్తరిలో

కంద పెట్టుబడి ఎక్కువైన పంట. రెండు దిక్కుల 90 సెంటీమీటర్ల ఎడముతో నాటినచో ఎకరాకు దాదాపు 5000 మొక్కలు పట్టును. అరకిలో తూకము గల విత్తనపు ముక్క చొప్పున రెండున్నర టన్నుల విత్తనము కావలెను. ఇంత పెట్టుబడి పెట్టిన రైతు ప్రతి దుంపను అమ్ముకొనవలెననుకొనుట సహజము. నేను ఎకరాల పంటను ఇంట ఉంచుమనుట లేదు. పెరటిలో పది మొక్కలు చాలునని చెప్పుచున్నాను.

పది మొక్కలకు పట్టు చోటు సుమారు ఎనిమిది చదరపు మీటర్ల మేర. మొక్కకు మూడు కిలోల చొప్పున ముప్పది కిలోల దుంప వచ్చుననుకొందము. నలుగురు గల ఇంట, వారమునకు రెండుమార్లు, మారుకు ముప్పాతిక కిలో చొప్పున వండినచో వారమునకు ఒకటిన్నర కిలో. ముప్పది కిలోలు ఇరువది వారములు వచ్చును. అనగా నాలుగున్నర నెలలు. త్రవ్వునపుడు గునపము తగిలి గాయపడిన దుంపలను ముందు వాడుకొనవలెను, అవి త్వరగా కుళ్ళును. గాయములేని వాటిని మట్టి దులిపి, గాలి ఆడు నీడలో, ఒకదానిపై ఒకటి వేయక పరచినచో చాలకాలము నిలువ ఉండును. పంట ధర పడిపోయిన సంవత్సరమున కూడ ఈ పది మొక్కల విలువ పడిపోదు.

గ్రామోద్యోగులకు ఒక మాట

రైతు సంఘములు, మహిళా సంఘములు కంద పిండి, పచ్చడి, చిప్సు తయారుచేసి అమ్ముట మెచ్చదగిన పని. కాని ప్యాకెట్టుపై 'కొలెస్టరాల్ హరించును', 'మొలలు నయమగును' అని అచ్చువేయరాదు. ఆహార పదార్థము జబ్బును నయము చేయునని ప్రకటించుటను ఆహార భద్రతా చట్టము క్రింద 2018లో వచ్చిన నిబంధనలు నిషేధించుచున్నవి. సంఘము వారికి ఈ సంగతి తెలిపి, పీచు, పిండి పదార్థము, క్రొవ్వు ఎంతెంత కలవో ఉన్నదున్నట్లు వ్రాయించుట గ్రామోద్యోగుల బాధ్యత. నిజము వ్రాసినను కందకు గిరాకీ ఉండును. అబద్ధము వ్రాసినచో ఒకనాడు జరిమానాయు, అపకీర్తియు వచ్చును. ఆ అపకీర్తి ఆ ఊరి పంటనంతటిని అంటును.

వసతి గృహములలోను, అంగన్‌వాడీలలోను దుంపకూరలకు చోటిచ్చుట కూడ వీరు ఆలోచింపవలెను. పిల్లలకు వేపుడు కాదు, ఉడికించిన కూరయే. గ్రామసభలో వ్యవసాయ విషయములు చెప్పునప్పుడు ఎరువుల మోతాదు ఎంత శ్రద్ధతో చెప్పుదురో, అన్నము మోతాదు కూడ అంత శ్రద్ధతో చెప్పవలెను.

యూరియా పైరుకు మంచిదే. అంతమాత్రమున ఎకరాకు పది బస్తాలు చల్లు రైతు లేడు. మోతాదు, సమయము, పద్ధతి చూచి వేయును. కందకును అదే నియమము. ఒక గిన్నెడు అన్నము తీసి ఒక గిన్నెడు కంద పెట్టవలెను, వేపక ఉడికించవలెను, జబ్బు ఉన్నవారు మందు మానక తినవలెను. ఈ మూడు నియమములు పాటించిన ఇంట కంద తాను చేయగల మేలు చేయును. అంతకు మించి దానిని అడుగనక్కరలేదు.